ఇయ్యదగినది, ఇయ్యరానిది

గత యుగాదినాడు మన సంఘసభ ముగిసిన పిదప, అందరును విస్తళ్ల ముందు కూర్చుండి యుండగా, బెంగళూరులో ఉద్యోగము చేయుచు సెలవునకు వచ్చిన ఒక యువకుడు పెద్దల నొక ప్రశ్న యడిగెను. "రాత్రిపూట కత్తులు పట్టుకొని దొంగలు ఇంట్లోకి వచ్చారనుకోండి. ఉన్నది ఇచ్చేయడం ధర్మమా, తిరగబడడం ధర్మమా?" అడిగినవాడు వేడుకకు అడుగలేదు, వాని స్నేహితుని యింట అట్టిది జరిగినదట. ఒక పెద్దమనిషి, బతికియుండిన బలుసాకు తినవచ్చునను సామెత చెప్పి ఊరకుండెను. మరియొకరు తమ తాతగారి కాలమున నడవలో ఎల్లప్పుడును ఒక బల్లెము గోడకు ఆనించి యుండెడిదనియు, అట్టి యిండ్లకు దొంగలు రారనియు సెలవిచ్చిరి. రెండు మాటలకును అందరును తలలూచుచుండగా, వడ్డన చేయుచున్న ఒక గృహిణి గరిటె చేతబట్టుకొని నిలబడి, "తాళి అడిగితే?" అనెను. ఎవ్వరును బదులు చెప్పలేదు. నాడు మేము చెప్పలేకపోయిన దానిని, ఈ సంచికకు వ్యాసమడిగిన మిత్రుల మాట తీసివేయలేక, ఇచ్చట వ్రాయ యత్నించుచున్నాము.

బెంగళూరునుండి జోలార్‌పేటకు 1864లో తెరచిన రైలుమార్గమున, మాలూరు దాటి బంగారుపేటకు పోవు దారిలో టేకల్ స్టేషను వచ్చును. పెద్ద పెద్ద గుండ్లు ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న ఆ కొండలను బండి కిటికీలోనుండి చూడనివారు మన జిల్లాలో నుండరు. వరదరాజస్వామి గుడి కలిగిన పాత యూరు; రాయి కొట్టి బ్రతికిన యూరు. ఇండ్లలో తెలుగు, కచేరీలో కన్నడము, సంతలో రెండును. మా పెదనాన్నగారు అచ్చట రాతిపనులకు గుత్త పట్టెడివారు. 1967 మాఘమాసమున మేము తొమ్మిదేండ్ల పిల్లవాడుగా వారి యింట నుంటిమి. పెదనాన్నగారు పనిమీద కోలారుకు పోయి ఆ రాత్రి తిరిగి రాలేదు. ఇంటిలో పెద్దమ్మ, ఇరువది రెండేండ్ల అన్న, లోపలి గదిలో నెల బిడ్డతో వదిన, చాపమీద మేము.

వచ్చినవారు నలుగురు. పెరటి తలుపు గడియ ఊడదీసి లోనికి వచ్చిరి. ఇద్దరి చేతులలో వేటకొడవళ్లుండెను. లాంతరు వత్తి పెంచి, తలకు తువాలు చుట్టుకొన్న పెద్దవాడొకడు, అరచినచో అందరిని నరుకుదునని మెల్లగా చెప్పెను. వాడు మెల్లగా చెప్పుటయే మాకిప్పటికిని జ్ఞాపకము. మా అన్న లేచెను. రాతిపని చూచువాడు గనుక మూలనే వాని సమ్మెట యుండెను. పెద్దమ్మ వాని మణికట్టు పట్టుకొనెను, పట్టుకొని దొంగవానితో ఇట్లనెను: "నాయనా, లోపల బాలింత ఉంది. మీకు కావలసింది నేను తెచ్చిస్తాను. మీరు ఆ గదిలోకి మాత్రం పోవద్దు." చెప్పినట్లే పెట్టె తెచ్చి మూత తీసి ముందు పెట్టెను. నూటయిరువదియో నూటముప్పదియో రూపాయలు, వదిన గాజులు, కాసులపేరు, వెండి చెంబులు రెండు. వాడు చాలదని ఆమె మెడవైపు వేలు చూపెను.

తరువాత జరిగినది చెప్పుటకు కొంచెము సంకోచించుచున్నాము. విన్నవారు కల్పన యనుకొందురు. ఆమె "ఒక్క నిముషం ఆగు నాయనా" అని వంటింటిలోనికి పోయి, పోపులపెట్టెలోనుండి ఒక పసుపుకొమ్ము తీసి, నూలుదారమునకు కట్టి, గోడవైపు తిరిగి ముందుగా దానిని మెడలో కట్టుకొనెను. ఆ పిదపనే బంగారు సూత్రములు తీసి వాని చేతిలో పెట్టెను. కొడవలి పట్టినవారు అంతసేపును నిలబడియే యుండిరి. అంతలో నలుగురిలో చిన్నవాడు లోపలి గది తలుపు వైపు నడచెను. ఆమె మూలనున్న రోకలి ఎత్తి గడపలో నిలబడెను. "ఇది దాటితే నన్ను చంపి దాటాలి" అనెను. గొంతు పెంచలేదు. పెద్దవాడు చిన్నవానిని కసరి వెనుకకు పిలిచెను. పోయిరి. అన్న సమ్మెట తీసికొని పెరటిలోనికి పరుగెత్తబోగా, "పోయింది బంగారమేరా, నిలు" అని ఆమె మరల వాని చేయి పట్టుకొనెను.

ఈ కథలో మూడు నిర్ణయములు కలవు. వస్తువు నిచ్చుట, గడపను ఇయ్యకుండుట, పారిపోవువానిని తరుమకుండుట. చదువు లేని ఆమె కొన్ని నిమిషములలో చేసిన ఈ మూడింటిని గూర్చియే ధర్మశాస్త్రములును, చట్టములును, మహాత్ములును పెక్కు పుటలు వ్రాసిరని మాకు చాల యేండ్లకు గాని తెలియలేదు.

చట్టమును ముందు చూతము. నలుగురే వచ్చిరి గనుక చట్టము దృష్టిలో అది దోపిడీ. ఐదవవాడు కూడ నుండిన బందిపోటు అయ్యెడిది. (లాంతరు వెలుతురులో తలలు లెక్కపెట్టు నోపిక గృహస్థునకు ఉండునా యని అడుగవద్దు.) 1860లో చేసిన భారత శిక్షాస్మృతిలో 96 మొదలు 106 వరకు గల సెక్షనులు ఆత్మరక్షణ హక్కును చెప్పినవి; 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అవియే స్వల్పమైన మార్పులతో 34 మొదలు 44 వరకు గలవు. తన శరీరమునే గాక పరుల శరీరమును, తన యాస్తినే గాక పరుల యాస్తిని కూడ కాపాడుకొను హక్కు ప్రతివానికిని కలదు. దోపిడీ జరుగుచున్నప్పుడును, సూర్యాస్తమయము మొదలు సూర్యోదయము లోపల ఇంటికి కన్నము వేసి చొరబడినప్పుడును, ఆ హక్కు ఎదుటివాని ప్రాణము తీయువరకు కూడ పోవచ్చును. 1837లో మొదటి ముసాయిదా వ్రాసిన మెకాలే, ఈ దేశప్రజలకు తమను తాము కాపాడుకొను ధైర్యము తక్కువయైనదనియు, దానిని అణచుటకంటె మేల్కొలుపుటయే మేలనియు తలచెను. పరాయి దొరకు మన ధైర్యమును గూర్చి అంత దిగులెందుకో గాని, వ్రాసిన చట్టము మాత్రము పిరికిది కాదు.

ఐనను ఆ హక్కునకు రెండు గట్లు కలవు. రక్షణకు అవసరమైన దానికంటె హెచ్చు హాని చేయరాదు; ప్రభుత్వాధికారుల సహాయము పొందుటకు వ్యవధి యున్నచో హక్కు లేదు. దోపిడీ విషయమున, చావు, గాయము, నిర్బంధము అను భయము ఆ క్షణమున ఉన్నంతవరకే హక్కుండును. భయముతో పుట్టి భయముతోనే ముగియును. కోపము ఎంతసేపున్నను దానిని పొడిగింపలేదు.

న్యాయస్థానములు ఈ సూత్రమును త్రాసులో పెట్టి తూచిన తీరు చూడదగినది. 1950 మార్చి 5న మధ్యప్రదేశములోని కట్నీ పట్టణమున అల్లరులు చెలరేగినవి. ఒక గుంపు అమ్జద్ ఖాన్ అనువాని సోదరుని అంగడి దోచి, ఇతని తలుపుల మీద కర్రలతో బాదసాగెను. అతడు తుపాకి రెండుమార్లు పేల్చగా ఒకడు చనిపోయెను, ముగ్గురు గాయపడిరి. గుంపు ఇంకను తలుపు విరుగగొట్టలేదు గదా, ఎవ్వరిని కొట్టలేదు గదా యని క్రింది న్యాయస్థానములు శిక్ష వేసినవి. 1952లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టివేసెను. ప్రక్క యిల్లు దోచిన గుంపు తన తలుపు బాదుచున్నప్పుడు, తలుపు విరిగి లోనికి వచ్చి తనవారిని పట్టుకొనువరకు ఓపిక పట్టుమని మనుష్యునకు చెప్పరాదనియు, అట్టివాని పనిని బంగారు తూచు త్రాసున తూచరాదనియు దాని భావము. పది సంవత్సరముల తరువాత, 1962లో, జై దేవ్ కేసున అదే న్యాయస్థానము రెండవ గట్టును చూపెను. ఆపద తీరి, ఎదుటివారు పారిపోవుచుండగా పేల్చిన గుండు రక్షణ కానేరదు. కట్నీలోని తలుపు మా పెద్దమ్మ గడప. జై దేవ్ కేసు ఆమె పెరటిలో పట్టుకొన్న మా అన్న చేయి.

చట్టము చేయవచ్చుననునది వేరు, చేయవలయుననునది వేరు. చట్టము మనకు అనుమతి నిచ్చును గాని ఆజ్ఞ ఈయదు. ఆ రాత్రి అన్న సమ్మెట యెత్తి యుండిన చట్టము వానిని తప్పు పట్టియుండదు. వదినయు బిడ్డయు బ్రతికియుందురా యను ప్రశ్నకు సెక్షను లేదు.

మన ప్రాంతపు పూర్వులు ఈ ప్రశ్నకు రాతిలో బదులు చెక్కిరి. లూయిస్ రైస్ దొర 1905లో ప్రకటించిన కోలారు జిల్లా శాసనసంపుటమున వీరగల్లులు విస్తారముగా కలవు. వానిలో పెక్కు, ఊరి ఆవులను దొంగలో పగవారో తోలుకొని పోవుచుండగా అడ్డుపడి, మందను మరలించి, తాను మాత్రము మరలిరాని మనుష్యునివి. క్రింది పలకలో పోరు, నడుమ అప్సరసలు వానిని మోసికొని పోవుట, పైన శివసన్నిధి. చచ్చినవాని సంతతికి ఊరివారు నెత్తరుగొడగి యని భూమి ఇచ్చెడివారు. పొలము గట్టున పడియున్న అట్టి రాతిపై కూర్చుండి కూలివారు చద్ది తినుట మేము చూచితిమి.

ఆ రాయి చూచి, మనవారు వస్తువుకొరకు ప్రాణమిచ్చిరే, మనము ఇయ్యలేకపోతిమే యని సిగ్గుపడువారు కలరు. ఆవు ఆ కాలమున వస్తువు కాదు. మంద పోయిన, ఏరు కట్టుటకు ఎద్దు లేదు, పిల్లలకు పాలు లేవు, మరుసటి యేడు పంట లేదు. మందను తోలుకొని పోవుట ఊరిని చంపుటయే. అంతకంటె ముఖ్యముగా, ఆ వీరుడు చాలమారులు తన ఆవుకొరకు చావలేదు. ఊరి ఆవులకొరకు చచ్చెను. ఆదిపర్వమున అర్జునుడును అట్లే. దొంగలు తన గోవులను తోలుకొని పోయిరని బ్రాహ్మణుడు వచ్చి మొరపెట్టగా, ఆయుధములు ధర్మరాజు ద్రౌపదితో నున్న గదిలో నుండెను. లోనికి పోయిన నియమము చెడి వనవాసము తప్పదు. అర్జునుడు పోయి విల్లు తెచ్చి గోవులను విడిపించి, మారుమాట లేక వనవాసమునకు పోయెను. తన సొమ్ము పోయియుండిన అతడా గడప దాటియుండునా? దాటియుండడని మా యూహ.

అదే అర్జునుని మౌసలపర్వమున మరల చూడుడు. ద్వారక మునిగిన పిదప యాదవస్త్రీలను వెంటబెట్టుకొని వచ్చుచుండగా దారిలో ఆభీరులు కర్రలతో పైబడిరి. గాండీవము ఎక్కుపెట్టుటయే కష్టమయ్యెను. దివ్యాస్త్రములు జ్ఞాపకము రాలేదు. కనులయెదుటనే కొందరు స్త్రీలను దొంగలు తీసికొనిపోయిరి. కురుక్షేత్రము గెలిచినవాడు కర్రల దొంగలయెదుట ఓడిపోయెను. గోడకు బల్లెము ఆనించియుండిన దొంగలు రారని చెప్పిన మిత్రులు ఈ ఘట్టమును ఒకమారు చదువుకొనవలెనని ప్రార్థన. ఆయుధముండుట వేరు, నిద్రలోనుండి లేపబడిన మనుష్యుని చేయి వణకకుండుట వేరు.

మన కాలమునకు వత్తము. 2013 నవంబరు 19 ఉదయమున బెంగళూరు నడిబొడ్డున, డబ్బు తీసికొను యంత్రగదిలోనికి ఒక బ్యాంకు ఉద్యోగిని పోగా, వెనుకనే ఒకడు దూరి, ఇనుప తలుపు క్రిందికి లాగి, ఆయుధము చూపి డబ్బు తీసి యిమ్మనెను. ఆమె నిరాకరించెను. వాడు మచ్చుకత్తితో నరికి, ఉన్నది తీసికొని, తలుపు మూసి పోయెను. గంటల తరబడి ఆమె ఆ నెత్తురులోనే పడియుండెను. యంత్రగదిలోని కెమెరా తీసిన ఆ దృశ్యమును దేశమంతయు చూచెను. దైవకృప వలన ఆమె బ్రతికెను. నరికినవాడు చిత్తూరు జిల్లావాడు. 2017లో మదనపల్లెలో పట్టుబడెను. 2021లో న్యాయస్థానము పదేండ్ల కారాగారము విధించెను. వాడు మన భాషవాడేనని తెలిసిన నాడు మన యిండ్లలో కలిగిన సిగ్గు మాకు జ్ఞాపకమున్నది. దొంగ యనగా పరభాషవాడని మనలో కొందరికొక నమ్మకముండెడిది.

ఆ దినములలో ఎందరో, "ఇచ్చేసి ఉంటే పోయేది గదా" యని అనుట వింటిమి. మేమును అనుకొంటిమి, అనుకొని సిగ్గుపడితిమి. ఆ గదిలో ఆమెకు లభించిన వ్యవధి కొన్ని ఊపిరులు. ఇచ్చినచో వాడు విడుచునను హామీ లేదు. తలుపు మూసినవాడు ఎందుకు మూసెనో ఆమె యెట్లు తెలిసికొనగలదు? కాఫీ త్రాగుచు, వార్త చూచుచు, ముగింపు తెలిసిన పిదప మనము చెప్పు తీర్పు ఆమె చేసిన నిర్ణయముతో ఒకే త్రాసున తూగదు. ఇచ్చినవానిని పిరికివాడనుట ఎంత అన్యాయమో, ఇయ్యనిదానిని తెలివితక్కువది యనుట అంతే అన్యాయము.

ఎదుటివాడు లెక్కలు వేసికొని వచ్చిన వృత్తిదొంగ యని మన తర్కమంతయు అనుకొనును. అది యెల్లప్పుడును నిజము కాదు. 1993 మార్చి 8న చిలకలూరిపేట పోవు బస్సును దోచుకొనదలచిన ఇద్దరు యువకులు పెట్రోలు చల్లి నిప్పంటింపగా 23 మంది ప్రయాణికులు కాలిపోయిరి. పట్టుమని కొంత డబ్బుకొరకు బయలుదేరినవారి చేతిలో అంత మరణముండెను. వారికి పడిన ఉరిశిక్ష 1998లో రాష్ట్రపతి దయవలన యావజ్జీవమైనది. ఆ దయను గూర్చి ఇచ్చట చర్చింపము. చేతిలో నున్న దానిని అదుపులో పెట్టుకొనలేని మనుష్యుడు కత్తిరాయుని కంటె భయంకరుడు. అట్టివానియెదుట వీరత్వము, వినయము రెండును ఒక్కొక్కప్పుడు వ్యర్థములే. అమెరికాలో పెట్రోలు బంకులలో, అంగళ్లలో రాత్రివేళ పనిచేయు మన తెలుగు పిల్లలకు, తుపాకి చూపినచో పెట్టె తెరచి యిచ్చివేయుడని ఎన్నో కంపెనీలు మొదటి దినముననే చెప్పును. యజమాని తన సొమ్మును వదులుకొన సిద్ధపడినప్పుడు కూలివాడు దానికొరకు ఎందుకు చావవలెను? అయినను పౌరుషమడ్డమై చచ్చిన పిల్లలును కలరు, పెట్టె తెరచి యిచ్చియు చచ్చిన పిల్లలును కలరు.

గాంధీమహాత్ముడు 1909లో వ్రాసిన హింద్ స్వరాజ్‌లో దొంగను గూర్చిన ఒక పెద్ద చర్చ కలదు. ఇంట దొంగ పడిన ఏమి చేయవలెను? ఆ దొంగ మీ తండ్రియైన ఒకటి చేయుదురు, తెలిసినవాడైన ఒకటి, ఆయుధము పట్టినవాడైన మరియొకటి యని ఆయన మొదట మన గుట్టు విప్పును. పిదప, వానిపై పగబట్టి జనమును కూర్చుకొని పోయినచో వాడును తనవారిని కూర్చుకొని వచ్చుననియు, దానికంటె తలుపులు తెరచియుంచి, సామానులు అందునట్లు పెట్టి, వానిమీద జాలిపడినచో వాని మనసు మారవచ్చుననియు చెప్పును. అందరు దొంగలును అట్లు మారుదురని తాను అనుట లేదని కూడ అచ్చటనే ఒప్పుకొనును. అదే గాంధీ 1920 ఆగస్టున యంగ్ ఇండియాలో, పిరికితనమా హింసయా యని రెండే దారులున్నచో హింసనే ఎన్నుకొమ్మందునని వ్రాసెను. 1908లో దక్షిణాఫ్రికాలో తనను చావగొట్టినప్పుడు తాను దగ్గరనుండిన ఏమి చేయవలసి యుండెనని పెద్దకుమారుడు అడుగగా, బలము వాడియైనను తండ్రిని కాపాడుటయే వాని విధి యని చెప్పితినని ఆ వ్యాసముననే కలదు.

ఈ రెంటికి విరోధమున్నదని వాదించువారు కలరు. మాకు విరోధము కానరాదు. మొదటిచోట పోవునది సామాను, రెండవచోట పోవునది తండ్రి. మహాత్ముని తలుపులు తెరచుమను మాట మా పెద్దమ్మ పెట్టె. తండ్రిని కాపాడుమను మాట ఆమె రోకలి. ఐతే ఆయన వేసిన చిక్కుముడి ఒకటి మిగిలియే యున్నది: ఇచ్చినవాడు జాలితో ఇచ్చెనో, భయముతో ఇచ్చెనో ఎట్లు తెలియును? దీనికి మరల వత్తుము.

శాస్త్రకారులు ఇంటికి నిప్పు పెట్టువాడు, విషము పెట్టువాడు, ఆయుధము చేతబట్టి వచ్చువాడు, ధనము దోచువాడు, పొలము నపహరించువాడు, భార్య నపహరించువాడు అని ఆరుగురిని ఆతతాయులనిరి. పైబడు ఆతతాయి గురువైనను, బాలుడైనను, ముదుసలియైనను చంపుటకు వెనుదీయవలదని మనుస్మృతి. ఈ వాక్యమును పట్టుకొని మీసము దువ్వువారు, చాళుక్య విక్రమాదిత్యుని కొలువున మితాక్షరను వ్రాసిన విజ్ఞానేశ్వరుడు దానిని ఎంత జంకుతో చదివెనో చూడరు. చంపుమను విధిగా గాక, ఆపదను వారించుకొనుటయే ప్రధానముగా ఆయన దానిని అర్థము చేసికొనెను. ఆ గ్రంథము ఆధారముగా పదుమూడవ శతాబ్దమున కేతన తెనుగున విజ్ఞానేశ్వరీయము రచించెను గనుక, ఈ మీమాంస మన భాషకు క్రొత్తది కాదు.

ఆతతాయి యెవడో ముందు తెలియవలెను గదా. 2018 మే నెలలో, పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు దిగినవని సెల్‌ఫోనులలో పుకారు పుట్టి, తెలంగాణములో, రాయలసీమలో, మన బెంగళూరులో జనము గుమిగూడి దారిన పోవు బిచ్చగాండ్రను, మతి చలించినవారిని, ఊరు తెలియని కూలివారిని కొట్టిరి, కొందరిని చంపిరి. బెంగళూరు చామరాజపేటలో చంపబడినవాడు రాజస్థానమునుండి పొట్టకూటికి వచ్చినవాడు. కొట్టిన ప్రతివాడును తాను పిల్లలను కాపాడుచున్నానని నమ్మెను. ఏ సెక్షను వారిని కాపాడలేదు, కాపాడరాదు కూడ. మనమును ఒక తరము క్రిందట పొరుగు గడ్డమీద పరభాష మాటాడుచు దిగినవారి బిడ్డలమే. మన తాతలు బండి దిగిన రాత్రి ఊరివారు తలుపులు మూసికొని చూచియుండలేదా? రక్షణ యను మాట నోట బెట్టుకొని భయము తన దొంగను తానే ఎన్నుకొనును. ఎన్నుకొన్నప్పుడెల్లను అది బీదవానినో, పరాయివానినో యెన్నుకొనును.

ఇంక గరిటె పట్టుకొన్న ఆ తల్లి ప్రశ్న. గొలుసుదొంగలు మోటారు సైకిలుపై వచ్చి లాగునప్పుడు మన స్త్రీలు రెండు చేతులతో సూత్రములు పట్టుకొని రోడ్డుమీద ఈడ్వబడుట పత్రికలలో చూచుచునే యున్నాము. అది బంగారముమీది ఆశ కాదు. తాళి తెగిన భర్తకు కీడని పుట్టినది మొదలు వినిన చెవులు, దొంగ చేయి మెడమీద పడినప్పుడు తర్కింపవు. చట్టము తాళిని ఆస్తి పట్టికలో వ్రాయును. ఆమె దానిని శరీరముగా, శరీరముకంటె హెచ్చుగా ఎంచును. ఇచ్చట ఎవరిది ఒప్పు?

మన పెద్దల ఆచారమే దీనికి దారి చూపినదని మా మనవి. సూత్రము పెరిగిన (తెగినదను మాట మనవారు నోట పలుకరు గదా) పసుపుకొమ్ము దారమునకు కట్టి ధరింతురు, అదియును తాళియే. బీదయింట పెండ్లికి బంగారము లేనిచో అదే కట్టుదురు. అనగా ముడిపడినది పసుపునకు గాని పుత్తడికి కాదని మన యిండ్లలో ఎప్పుడో తీర్మానమైనది, మనము మరచితిమి. కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. నూరేండ్లకు పైగా కోట్ల విలువగల బంగారము ఆ నేలనుండి పోయినది. మంగళము పోలేదు. ఆ తల్లికి మా బదులు ఇది: అడిగిన ఇమ్ము, తల్లీ, ముందు కొమ్ము కట్టుకొని ఇచ్చుటకు వ్యవధి దొరకిన మరియు మంచిది, దొరకకున్న ఇంటికి వచ్చి కట్టుకొనుము. ఆమె భర్తయు, అత్తయు ఆ రాత్రి ఆమెను ఏమందురను భయమే ఆమె చేతిని బిగించును గనుక, ఈ బదులు నిజమునకు ఆమెకంటె వారికే వ్రాయుచున్నాము. ఇంటిలోని వారు ముందుగానే నోరు విప్పి ఈ మాట చెప్పియున్నచో, రోడ్డుమీద ఆమె చేయి దానంతటదే వదలును.

మా అన్న సంగతి మిగిలినది. టేకల్‌లో అప్పటి పెద్దలు, "సమ్మెట పట్టే చెయ్యి, అమ్మ కొంగు పట్టుకుందట" అని నవ్విరి. వాడేమియు అనలేదు. పని చేసెను, పిల్లలను చదివించెను, తండ్రి గుత్తలను సాగించెను. చివరి దినములలో, మేము వాని మంచము ప్రక్కన కూర్చుండి యుండగా, ఒక సాయంకాలము తానుగా ఎత్తెను. "అమ్మ పట్టుకున్నందుకు ఆగానా, భయమేసి ఆగానా అన్నది నాకే తెలియదురా. యాభై ఏళ్లుగా అడుగుతూనే ఉన్నాను. ఆమె పట్టు అంత గట్టిదేం కాదు." మేము మహాత్ముని చెప్పలేదు, సెక్షనులు చెప్పలేదు. పెద్దమ్మకు రోకలి యెత్తు అవకాశము వచ్చినది. దానితో ఆమె ఇచ్చినది భయముతో ఇచ్చినది కాదని లోకమునకును, ఆమెకును తెలిసినది. వానికి ఆ గడప రాలేదు. అట్టివారు చాలమంది. వారు పిరికివారని చెప్పుటకు మనవద్ద సాక్ష్యము లేదు, కారని చెప్పుటకు వారివద్దనే లేదు. "లోపల వదిన, బిడ్డ బ్రతికారు గదా" అంటిమి. "అవును, అది నిజం" అని గోడవైపు తిరిగి పండుకొనెను. ఆనాటి నెల బిడ్డ తమ్ముళ్లు ఇద్దరు అప్పుడు వంటింటిలో మాటలాడుకొనుచుండిరి.

పెద్దమ్మ మరల బంగారు సూత్రములు చేయించుకొనలేదు. పెదనాన్నగారు రెండుమారులు కోలారుకు పోయి కంసాలితో బేరమాడి వచ్చిరి; ఆమె వద్దనెను. ఆయన యున్నంతకాలమును ప్రతి యుగాదికి క్రొత్త కొమ్ము దారమునకు కట్టుకొని, పాతదానిని తులసికోటలోని మట్టిలో పెట్టెడిది. ఒక యేడు వానలు బాగుగా పడి, ఆ కొమ్ములలో ఒకటి మొలకెత్తెను.